ఎనిమిదో పాటలో గొంతు

నా మొదటి ఆల్బమ్‌ని నెత్తిన పెట్టుకున్న పత్రికే రెండోదాన్ని ఉతికి ఆరేసింది. "పాటలన్నీ తనే రాసి తనే పాడినా, ప్రాణం మాత్రం ఒక్క ఎనిమిదో పాటలోనే ఉంది. ఆ గొంతులో వణుకు మరిచిపోలేం" అని రాశారు.

ఆ ముక్క అందరికీ పంపాను, అక్కకి తప్ప.

అక్కే ఫోన్ చేసింది. "చదివానే! అంత బాగా ఎలా పాడావు?"

"ఏదో, అలా కుదిరిందక్కా."

స్టూడియోలో నా గొంతు పట్టేసిన రోజు, వాయించేవాళ్లకి వరస తెలియడం కోసం ఆ పాట అక్క చేత పాడించాను. తర్వాత నేను పాడింది పెట్టాలి. ఇంజనీరు పొరపాటున అక్కదే ఉంచేశాడు. ఫోన్‌లో మా ఇద్దరి గొంతులూ నాన్నే పోల్చుకోలేడు. ఆల్బమ్ బయటికొచ్చాక విని, సరిచేయిద్దామనుకునేలోపే ఈ పొగడ్త వచ్చింది. నోరు మూసుకున్నాను.

"రెండో చరణంలో దగ్గొచ్చి నేనో మాట మింగేశాను, గుర్తుందా?" అంది అక్క. "నువ్వూ సరిగ్గా అక్కడే మింగావే."

"అదీ... ఇంజనీరు..." అని నసిగాను.

"కంగారుపడకు, ఎవరికీ చెప్పన్లే. అమ్మ మాత్రం మొదటి లైనుకే నా గొంతని పట్టేసింది. కాదు, నీదేనని ఒట్టేశాను."