ఫ్రేము అబద్ధమాడదు

మొండయ్య బతుకులో మొదటిసారి అబద్ధమాడడానికి తయారయ్యాడు. అదీ పోలీసు ఠాణాలో, దేవుడి మీద ఒట్టేసి.

సౌదీలోని బురైదాలో పికప్ బండ్ల ఫ్రేములు అతికించడంలో అతణ్ణి మించిన వెల్డరు లేడు. జగిత్యాల నుంచి వచ్చిన పన్నెండేళ్ళలో సగం కాలం బండ్ల కిందే వెల్లకిలా పడుకుని గడిపాడు. అందుకే ఒక దొంగబండి సంగతి తేల్చి చెప్పమని ఆఫీసరు అతణ్ణి పిలిపించాడు.

ఠాణా వెనక ఎండలో ఒక పికప్ నిలబడి ఉంది. తెలుపు మీద హడావిడిగా నీలం పూశారు. పాత ఇనుము పోగేసిన దొడ్డిలో దొరికిందట. ఖర్జూరం తోటల యజమాని ఒకడు టన్నున్నర మోసే తన బరువు పికప్ పోయిందని ఫిర్యాదు ఇచ్చి నెల దాటింది. అమ్మకానికి పెట్టిన వారంలోనే అది మాయమైంది. దొరికిన బండి ఫ్రేము మీద నంబరు సరిగ్గా అదే. ఆ బండి తోలే మహబూబ్ సుభానిని లోపల వేశారు. దొంగతనం రుజువైతే చెయ్యి నరికేస్తారని తెలుగువాళ్ళ గదుల్లో గుసగుసలు.

సుభానిది, మొండయ్యది ఒకటే గది. ఆ సంగతి ఆఫీసరు అడగలేదు, మొండయ్య చెప్పలేదు.

చదువురాని మొండయ్యకు ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేది రాయచోటి సుభానే. "ఊర్మిలవదినకు ఇంకేం రాయాలన్నా?" అని గుచ్చి గుచ్చి అడిగి, మొండయ్య సిగ్గుతో మింగేసిన మాటల్ని కూడా రాసేవాడు. అంతెందుకు, పోయినేడు యుద్ధమప్పుడు కఫీలు, అంటే అతణ్ణి పనిలో పెట్టుకున్న ఆ తోటల యజమాని, సుభానిని అదే పికప్‌లో కూరగాయల లోడుతో కువైట్ సరిహద్దుకు తోలాడు. ఎందరో డ్రైవర్లు బండ్లు వదిలేసి పారిపోయారు. సుభాని మాత్రం పది రోజుల తర్వాత దుమ్ము కొట్టుకుపోయి, బండితో సహా తిరిగొచ్చాడు. అలాంటివాడు దొంగ అంటే మొండయ్య ఎలా నమ్ముతాడు? ఎవడో ఎత్తుకుపోయిన బండికి పాపం ఇతను బలవుతున్నాడు, అంతే.

అసలు నిజమేమిటంటే, ఆ బండి తయారుచేసిన కంపెనీ పికప్‌లలో తేలికవైనా బరువువైనా ఫ్రేము ఒక్క తీరే. మూడు పక్కల ఇనుము, నాలుగో పక్క ఖాళీ. బరువు బండికి ఇనుము కాస్త మందంగా ఉంటుంది. కొలిస్తే గాని తేలదు. ఈ సంగతి ఠాణాలో ఎవరికీ తెలియదు. మొండయ్య ధైర్యమంతా అదే.

అతను బండి కిందికి దూరాడు. జేబులో మందం కొలిచే పనిముట్టు ఉంది. బయటికి తీయలేదు. కొలిస్తే నిజం కళ్ళ ముందుకు వస్తుంది, ఆ తర్వాత తన నోరు పెగలదు. నాలుగుసార్లు సుత్తితో ఊరికే తట్టి బయటికి వచ్చాడు.

"సార్, గిది ఆ బండి కాదు," అన్నాడు తన వచ్చీరాని అరబ్బీలో.

"నంబరు అదే కదా?"

"నంబరుకేమున్నది సార్? ఆకురాయితోటి రాకి కొత్తది కొట్టచ్చు. ఫ్రేము అబద్ధమాడది."

మొండయ్య అతణ్ణి ఠాణా జీపు దగ్గరికి తీసుకెళ్ళి, దాని ఫ్రేము చుట్టూ చెయ్యి పోనిచ్చి చూపించాడు. "సూడుండ్రి, నాలుగు దిక్కుల బంద్, పెట్టె లెక్క. టన్నున్నర మోసే పికప్‌కు గిసొంటిదే ఉంటది." తర్వాత ఠాణావాళ్ళ చిన్న పికప్ చూపించాడు. "దీనికి ఒక దిక్కు ఖాళీ. తేలిక బండి. గా నీలం బండికి సుత గిట్లనే ఉన్నది."

ఆఫీసరు టోపీ తీసి ఇసుకలో మోకాళ్ళేశాడు. ఒక్కో బండి కింద వేళ్ళు పెట్టి తడిమాడు. లేచి మొండయ్య కళ్ళలోకి చూశాడు.

"ఊళ్ళోంచి ఇంకో బరువు పికప్ తెప్పించి పక్కన పెట్టి చూద్దామా?"

తెప్పిస్తే మొండయ్య అబద్ధం బయటపడుతుంది. సుభానితో పాటు తనూ లోపలికే.

"తెప్పియ్యుండ్రి సార్," అన్నాడు.

ఆఫీసరు బట్టలకంటిన ఇసుక దులుపుకున్నాడు. "అక్కర్లేదు. అబద్ధమాడేవాడైతే తెప్పించమనడు."

మొండయ్య దేవుడి మీద ఒట్టేసి, తన సాక్ష్యం రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు. అతని నిజాయితీకి మెచ్చి ఆఫీసరు ఒక గ్లాసు చాయ్ తాగించాడు.

మూడో రోజు మధ్యాహ్నం సుభానిని వదిలేశారు. ఇద్దరూ బస్సు కోసం రోడ్డు వెంట నడుస్తున్నారు. సుభాని చిక్కిపోయాడు.

"నా చేతిని నువ్వే నిలబెట్టినావన్నా," అన్నాడు.

మొండయ్య ఇక దాచుకోలేకపోయాడు. మూడు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు.

"సుభాని బాయ్, నీకోసం దేవుని మీద ఒట్టేసి అబద్ధమాడిన. గది మీ కఫీలు బండే. బరువు బండ్ల ఫ్రేము సుత తెరిచే ఉంటది. పెట్టె ఫ్రేము నేను పుట్టించిన ముచ్చట. నువ్వు దొంగవు కావని నాకెర్క, గందుకే ఈ పాపం నెత్తికెత్తుకున్న." కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

సుభాని నడక ఆపాడు. వెనక్కి తిరిగి రోడ్డు మీద ఎవరూ లేరని చూసుకుని, మొండయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏడవాకన్నా, నువ్వు చెప్పింది అబద్ధం కాదు... కొనేవాళ్ళు కనిపెడతారని ఆ బండిని మాయం చేసి నీలం పూసింది నేనే. కఫీలు బండిని నేను యుద్ధంలోనే సరిహద్దు కాడ అమ్మేసి, దాని నంబరు ఈ తేలిక బండికి కొట్టించి తోలుకొచ్చినా."