పద్నాలుగు ఇంచులు

రఘువీర్ కారు పెట్టిన చోట ఉండటం లేదు.

మరీ ఎక్కడికో పోవడం లేదు. పల్లం వైపు కాస్త జరుగుతోంది, అంతే. ఉదయం ఉన్న చోటికీ సాయంత్రం ఉన్న చోటికీ తొమ్మిది ఇంచుల తేడా.

వాళ్లుండేది పిట్స్‌బర్గ్‌లో, గుట్ట మీది వీధిలో. ఇంటికి గరాజ్ లేదు. కారు రోడ్డు వారనే ఉంటుంది. రఘువీర్ ఆఫీసుకి తన కొలీగ్ అనీష్ కార్లో వెళ్తాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రఘువీర్ సొంత ఆల్ వీల్ డ్రైవ్ బండి ఇంటి ముందు ఊరికే పడి ఉంటుంది. ఇప్పుడు దానికి అది కూడా చేతకావడం లేదు.

"మన కారు జరుగుతోంది," అన్నాడు భార్యతో.

"ఎన్ని ఇంచులండీ?" అంది ప్రణీత.

రఘువీర్ పన్నెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు. ఏ కష్టం వచ్చినా ముందు ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. రోజూ పొద్దున ముందు చక్రం దగ్గర రోడ్డు మీద సుద్దముక్కతో గీత గీసేవాడు. సాయంత్రం టేపు పట్టుకుని వంగి కొలిచేవాడు. అంకె చెబితే ప్రణీత షీట్‌లో ఎక్కించేది.

మొదటి వారం తొమ్మిది, పదకొండు, ఎనిమిది. గురువారం రెండు ఇంచులు పైకి. కారు ఎత్తుకి జరగదు కాబట్టి దాన్ని కొలతలో పొరపాటు కింద కొట్టిపారేశాడు.

"మధ్యాహ్నం నువ్వేమైనా గమనించావా?" అని అడిగాడు.

ప్రణీత రోజూ మధ్యాహ్నం పక్కింటి రాధారాణి ఆంటీతో ఓ గంట బయటికి వెళ్తుంది. వాకింగ్ మంచిదని రఘువీరే ప్రోత్సహించాడు.

"మేం బయల్దేరేటప్పుడు గీత దగ్గరే ఉందండీ. తిరిగొచ్చాక చూస్తే జరిగి ఉంది."

ఆ సంగతీ షీట్‌లో ఎక్కింది.

ట్రాయ్‌లో ఉన్న స్నేహితుడు తేజేశ్వర్‌కి ఫోన్ చేశాడు. తేజేశ్వర్ గేర్‌బాక్సుల ఇంజనీరు.

"ఆల్ వీల్ డ్రైవ్ బండి పార్క్‌ల వేస్తే నాలుగు చక్రాలు కట్టేసినట్టే ఉంటయి భాయ్. ఒకటి జారినా తక్కినయి పట్టుకోవాలె. లోపల ఏదో అరిగింది. ముందుగాల చక్రం కింద దిమ్మ పెట్టు."

పెట్టాడు. సాయంత్రం చూస్తే కారు ఏడు ఇంచులు జరిగింది. దిమ్మ కూడా ఏడు ఇంచులు జరిగి, చక్రానికి చక్కగా ఆనుకుని ఉంది.

రెండో వారం ఇంకో లక్షణం బయటపడింది. ముందు చక్రాలు రెండూ పేవ్‌మెంట్ వైపు తిరిగి ఉంటున్నాయి. పొద్దున రఘువీర్ వాటిని తిన్నగా పెట్టి వెళ్తాడు. సాయంత్రానికి మళ్లీ వంకర.

"స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుందా?" తేజేశ్వర్ గొంతు మారింది. "జర పైలం భాయ్."

రఘువీర్‌కి భయం పట్టుకుంది. దానికి కారణం ఉంది. ప్రణీతకి రెండేళ్ల ఎదురుచూపు తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది. ఎనిమిది మైళ్ల దూరంలోని ల్యాబ్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. అటువైపు బస్సు లేదు. డ్రైవింగ్ నేర్పిస్తానని రఘువీర్ ఎప్పుడో మాటిచ్చాడు. ఇప్పుడు ఆ మాటకి ఓ షరతు చేరింది.

"ముందు కారు సంగతి తేలనీ. అంతవరకు నువ్వు స్టీరింగ్ ముట్టుకోవద్దు."

రోజూ అదే మాట చెబుతున్నాడు. ప్రణీతకి ఈ ఉద్యోగం చాలా అవసరం. ఇది చేజారితే తనకి పిచ్చెక్కుతుందని రాధారాణి ఆంటీ దగ్గర ఏడ్చింది కూడా. మొగుడి దగ్గర మాత్రం ఏడవలేదు. అంకెలు ఎక్కించింది.

మూడో వారం రఘువీర్ బ్రేక్ ప్యాడ్లు మార్పించాడు. అంకెలు తగ్గడం మొదలైంది. ఐదు, మూడు, రెండు. నాలుగో వారం సోమవారం ఒకే ఒక్క ఇంచు. రఘువీర్ ఆ రోజు రెండు గ్లాసుల పాయసం తాగాడు.

మంగళవారం పద్నాలుగు ఇంచులు.

శనివారం తేజేశ్వర్ ట్రాయ్ నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు. రెండు గంటలు కారు కిందే పడుకున్నాడు. ఒళ్లంతా మసితో లేచాడు.

"పార్క్ లాక్ గట్టిగ పడుతుంది. హ్యాండ్‌బ్రేక్ మంచిగుంది. ఈ బండికి ఏ రోగం లేదు."

"మరి జరుగుతోంది కదరా!"

"గదే నాకు సమజైతలేదు. అమ్మెయ్."

ముగ్గురూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. ల్యాప్‌టాప్‌లో నాలుగు వారాల అంకెలున్నాయి. ల్యాబ్ వాళ్లకి ఆ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. చేరాల్సింది సోమవారం.

రఘువీర్ భార్య వైపు చూడలేకపోయాడు. "రోగం ఏంటో తెలియని కారు నీ చేతికిచ్చి నేను ఆఫీసులో ఎలా కూర్చోను? వాళ్లకి సారీ చెప్పెయ్. వేరే కారు కొన్నాక నేనే నేర్పిస్తాను. వచ్చే ఏడాది చూద్దాం."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే బాధపడుతున్నాడు.

ప్రణీత ఇద్దరికీ టీ పోసింది. లోపలికి వెళ్లి పర్స్ తెచ్చుకుంది. ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని మంగళవారం గడి మీద క్లిక్ చేసింది.

"ఇక్కడొకటి దిద్దాలండీ," అంటూ పర్స్‌లోంచి తన ఫోటో ఉన్న కొత్త కార్డు తీసి భర్త ముందు పెట్టింది, "మంగళవారం మన కారు జరిగింది పద్నాలుగు ఇంచులు కాదు, రాధారాణి ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ టెస్ట్‌కి రానూ పోనూ ఇరవై రెండు మైళ్లు."