సరిదిద్దని బండి

తుపానులో సిగ్నల్ పోతే తమంతట తాము నడిచే కార్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. అందుకే అనకాపల్లిలో వీధికొక పాత గేర్ల కారు ఉంచారు. ఈ ఏడు తమ వీధి కారు నడిపే వంతు మోక్షితది. నేర్పేది మేనత్త నూకరత్నం.

మెట్ట ఎక్కేచోట మోక్షిత క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. కారు ఎగిరిపడి ఇంజిను ఆగిపోయింది. ఆమె మళ్లీ క్లచ్ తొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారు మెల్లగా వెనక్కి జారసాగింది.

"బ్రేకు తొక్కవేటే?"

"అదే చూసుకుంటుంది కదత్తా!"

"దానికి నువ్వు తప్ప ఎవులున్నారే?"

మోక్షిత గబుక్కున బ్రేకు తొక్కింది. కారు ఆగింది. తన తప్పు తప్పుగానే మిగలడం ఆమె పుట్టాక ఇదే మొదటిసారి చూడటం. ఇంట్లో పొయ్యి, వీధిలో బండి, అన్నీ ఆమె కంటే ముందే దిద్దేసేవి.

మళ్లీ స్టార్ట్ చేసి, ఈసారి క్లచ్ కొంచెం కొంచెంగా వదిలింది. అరికాలి కింద ఇంజిను వణుకు మారింది.

"అదీ, క్లచ్ పట్టుకుంది. ఇప్పుడు బ్రేకు వదిలి ఆక్సిలేటరు తొక్కు."

కారు మెట్ట ఎక్కింది. పైన దిగి, మోక్షిత వెచ్చటి బానెట్ మీద చాలాసేపు చెయ్యి ఉంచింది.

ఆ సాయంత్రం వంటింట్లో పాలు పెట్టి, "నువ్వు కలగజేసుకోకు" అని పొయ్యికి చెప్పింది. పాలు నురగలు కక్కుతూ పైకి లేచాయి. మోక్షిత నోరు తెరుచుకుని చూసింది. అవి అంచు దాటి పొయ్యంతా పరుచుకున్నాక గానీ, ఆపాల్సింది తనేనని ఆమెకు గుర్తు రాలేదు.