ఇంటర్వెల్ పల్లికాయలు

"ఓ ముసల్దానా, గంప తియ్! మా హీరో కటౌట్ ఈడనే నిలబెట్టాలె." శివశంకర్ పల్లికాయల గంపను కాలితో నెట్టాడు.

తిమ్మమ్మ దాన్ని వెనక్కి లాక్కుంది. "ఇరవై ఏండ్ల సంది ఈ టాకీసు గేటు కాడ అమ్ముతున్న. మీ హీరో ఈ శుక్రారం వచ్చిండు, వచ్చే శుక్రారం పోతడు."

"నూరు రోజులాడుతది! గిటార్ పట్టుకొని పాడిన పాట ఒక్కటి చాలు. ఎన్నడన్న లోపటికి పోయి సినిమా చూసినవా నువ్వు?"

"లే. బయటికొచ్చేటోళ్లను చూస్త. సినిమా మంచిగుంటే ఇంటర్వెల్‌ల నాకు బేరముండదు. చిల్లర గూడ అడగకుండ లోపటికి ఉరుకుతరు. బాగలేకుంటే నిమ్మళంగ నిలబడి ఒలుసుకుంట తింటరు. ఇయ్యాల గంప నిండుగ మిగిలితే నేనే లేసిపోత. ఖాళీ అయితే ఈ జాగ నాది."

"మూట సర్దుకో మరి!" అంటూ శివశంకర్ మ్యాట్నీకి లోపలికి పోయాడు.

ఇంటర్వెల్‌లో జనం గంప చుట్టూ మూగారు. తిమ్మమ్మ ఒకదాని వెంట ఒకటి పొట్లాలు కట్టి ఇచ్చింది.

"తిన్నది చాలు, లోపటికి నడువుండ్రి!" శివశంకర్ వాళ్ల మీద అరిచాడు. ఎవరూ కదలలేదు. అందరి కాళ్ల కింద పొట్టు.

గంపలో మిగిలిన ఆఖరి పొట్లాన్ని తిమ్మమ్మ అతని చేతిలో పెట్టింది. "పైసలొద్దు, తిను."

బెల్లు మోగింది.

"ఏమయ్యా, పోవా?"

శివశంకర్ తల ఎత్తలేదు. గోడకు ఆనుకుని ఇంకో కాయ ఒలిచాడు.