బ్రౌజర్లో పడ్డ ఫోను

“పాత ఫోన్లతోపాటు ఆ పొట్లం కూడా స్టోర్ రూములో పడెయ్. ఇది ఆఫీసు, గుడి కాదు,” అన్నాడు మేనేజర్ చియూ.

యంత్రాలు మొరాయించకూడదని తైపీలో అందరూ వాటిమీద పెట్టే, గడువు దాటితే మహిమ పోతుందని నమ్మే ఆకుపచ్చ చిరుతిండి పొట్లాన్ని టెస్టర్ యీషువాన్ చేతిలోకి తీసుకుంది.

“నిజమేలెండి సార్. ఫోన్లే లేనప్పుడు దేనిమీద పెడతాను?”

“అచ్చం ఫోన్లలా పనిచేసే నలభై నకళ్లు కంప్యూటర్ బ్రౌజర్లోనే ఉన్నాయి. వీటికి ఛార్జింగ్ అయిపోదు, ఒక్కటీ కింద పడదు.”

“ముసలివాళ్లు పడిపోతే పిల్లలకు కబురు చేసే యాప్ కదా సార్ మనది. ఫోను పడకుండా ఎలా పరీక్షించను?”

“పడ్డట్టు చెప్పే బటన్ ఉంది. నొక్కు.”

నొక్కింది. తెరమీద నలభై ఫోన్లూ బుద్ధిగా మోగాయి.

మధ్యాహ్నం యాప్ కొనడానికి వచ్చిన లియావ్ మేడం ఆ మోత విని మెచ్చుకుంది. అదే యాప్‌ను తన ఫోన్లో వేయించుకుని, ఫోన్ని తివాచీ మీదకు జారవిడిచింది.

మోగలేదు. మళ్లీ విడిచింది. ఉలుకూ పలుకూ లేదు.

“మా అమ్మ పడ్డప్పుడు మీ బటన్ ఎవరు నొక్కుతారు బాబూ?” అంది.

చియూ యీషువాన్ చెవి దగ్గరికి వంగాడు.

“త్వరగా స్టోర్ రూముకు వెళ్లు.”

“ఫోన్లు తేనా సార్?”

“ఫోన్లెందుకు? పొట్లం పట్రా. గడువు దాటిందేమో కాస్త చూసుకో.”