బల్లకి అవతలివైపు

"అటు నిలబడితే పటం తలకిందులుగా కనిపిస్తుంది పెద్దాయనా. అలా చూసి నడిస్తే ఆకాశంలో తేలతావ్," అని మేనేజరు నవ్వాడు.

ఆ పెద్దాయన కూతురికి తల కొట్టేసినట్టయింది. ఉపగ్రహ ఫొటో మీద తాను గీసిన కొత్త కొండదారి చూపిద్దామని, ముప్పై ఏళ్లు ఆ కొండల్లో బరువులు మోసిన నాన్నని, తను పటాలు గీసే ఆఫీసుకి తనే పిలిపించింది.

"ఇటు రా నాన్నా."

నాన్న బల్లకి అవతలివైపు నుంచి కదల్లేదు. "దారి గట్టు మీద వేశానన్నావు కదమ్మా. ఇది లోయలో పోతోందే. మంచు విరిగిపడేది అందులోకే."

"అది గట్టే. సంతకం పెట్టమ్మా, అచ్చుకి పంపాలి," అన్నాడు మేనేజరు.

ఆమె వెళ్లి నాన్న పక్కన నిలబడింది. ఇందాకటిదాకా గట్టులా ఉబ్బి ఉన్నది లోయలా కుంగిపోయింది. వెలుగు ఎప్పుడూ పైనుంచే పడుతుందనుకునే కన్ను, అడుగు అంచు వైపు నుంచి ఎండ పడిన ఆ ఫొటోలో నీడని ఇందాక తప్పుగా చదివింది. నాన్న వైపు నుంచి చూస్తే ఆ ఎండ పైనుంచే పడుతోంది.

"పెట్టను సార్."

"ఇంత చదివి, అక్షరమ్ముక్క రాని మనిషి మాట వింటావా? ఉద్యోగం ఉండాలనుందా, లేదా?"

"ఉండాలనే ఉంది సార్. కానీ నా సంతకం నమ్మి ఒక్కరు కూడా ఈ దారిన నడవకూడదు."

ఎర్ర కలం తీసి తన గీతని తనే కొట్టేసింది. మేనేజరు పటాన్ని లాక్కోబోతే అరచెయ్యి ఆనించి ఆపింది.

"పటం కదపొద్దు సార్. మీరే ఇటొచ్చి, మా నాన్న పక్కన నిలబడి చూడండి."