బిరడా

పసుపు రంగు కారు షెడ్డులోకి రాగానే మునస్వామి మొహం తిప్పుకున్నాడు.

రెండే తలుపులు. నేలకు కడుపు ఆనించుకుని పోయే రకం. ఇలాంటి బండ్లు తిరుపతి కరకంబాడి రోడ్డులోని ఆ షెడ్డుకు ఒకే పని మీద వస్తాయి. ఊరు అదిరిపోయే సైలెన్సర్ వేయించుకోవడానికి.

మునస్వామి అక్కడ వెల్డరు. ఆ పనే అతనికి అన్నం పెడుతోంది. ఆ పని మీదే అతనికి పగ.

భార్య చెంగమ్మ చివరి రోజులు రోడ్డు పక్కన ఆసుపత్రిలో గడిచాయి. కిటికీ కింద కుర్రకారు బండ్లు పేల్చుకుంటూ పోయినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి మంచం కమ్మీ పట్టుకునేది. పోయేదాకా ఆమెకు కంటినిండా కునుకు దక్కలేదు.

జబ్బును మునస్వామి క్షమించాడు. ఆ చప్పుళ్లను క్షమించలేదు.

కారు దిగినవాడు తన పేరు దయానంద్ అన్నాడు. ముప్పై దాటి ఉంటాయి. చొక్కా ఖరీదైనదే, గడ్డం మాత్రం మాసి ఉంది.

"ఉన్న పైపు పగిలిందన్నా. అంతకన్నా గట్టిది కావాల. కాలు తీస్తే తుపాకీ పేలినట్టుండాల."

"ఎవురి గుండె ఆగాలప్పా?"

"కొండ దాకా వినబడాలన్నా. మా పక్క..."

"నీ పక్క సంగతి నాకేల?" మునస్వామి అక్కడికే కోసేశాడు. "నీలాంటోళ్ల వల్ల మా ఇంటిది నిద్దరకు మొగంవాసి సచ్చింది. ఇంట్లో ఆడమనిషి పోతే ఎట్లుంటాదో నీకేం తెలుసు?"

దయానంద్ తల దించుకున్నాడు.

సిగ్గుపడ్డాడనుకున్నాడు మునస్వామి.

వచ్చిన బేరాన్ని తరమొద్దని లోపలినుంచి యజమాని సుందరరాజు కేకేశాడు. మునస్వామి బండిని పైకి లేపి చూశాడు. అడుగంతా గీతలు, ఎండిన ఎర్రమట్టి, ఇరుక్కున్న ముళ్లకంప. ఇంత బండిని చేలగట్ల మీద తిప్పుతున్నాడంటే డబ్బు ఎంత మదమెక్కించిందో అనుకున్నాడు.

పాత పైపు విప్పుతుండగా కూతురు నందిని ఫోన్ చేసింది.

చెంగమ్మ పోయాక అతనికి మిగిలింది ఆ పిల్లే. పలమనేరు అవతల, అడవి అంచున ఆమె కాపురం. అల్లుడిది శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని, వారానికోసారి ఇల్లు చేరతాడు. మిగతా రోజులు చంటిబిడ్డతో ఆమె ఒక్కతే. ఏనుగులు మళ్లీ కొండ దిగినాయంట అని చెప్పింది. తిరుపతికి వచ్చేయమని మునస్వామి ఎప్పటిలాగే బతిమాలాడు. టమాటా కోతకొచ్చింది, ఎట్ల వచ్చేది నాయనా అని ఆమె ఎప్పటిలాగే ఫోన్ పెట్టేసింది.

పైపు బిగించాక బండిని బయటికి తీశారు. దయానంద్ కాలు నొక్కి వదిలాడు. వరసగా పేలింది. కరెంటు తీగల మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఇది చాలన్నా" అన్నాడు దయానంద్. వచ్చాక అప్పుడే మొదటిసారి నవ్వాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని ఎదురుగా హోటలుకు పోయాడు.

మునస్వామికి ఒక అలవాటుంది.

ఇలాంటి పైపులతోపాటు చిల్లుల గొట్టం ఒకటి వస్తుంది. చప్పుడును మింగే బిరడా. ఎవరూ వేయించుకోరు, మూలన పడేస్తారు. అతను దానికి గాజుదూది చుట్టి, యజమాని కన్నుగప్పి పైపులోకి తోసి, రెండు చుక్కల వెల్డింగు పెట్టేవాడు. బండివాడు తగవుకొస్తే అప్పుడు తీసేవాడు. వచ్చేదాకా ఊరికి కాస్త నెమ్మది. చెంగమ్మకు తాను పెడుతున్న తద్దినం అదేననుకునేవాడు.

ఆ రోజూ పెట్టాడు.

తిరిగొచ్చిన దయానంద్ బండి తీసి, ఆగిపోయాడు. పైపు దగ్గుతోంది.

"ఇందాక పేలింది కదన్నా?"

"కొత్త పైపు గదా. నాలుగు దినాలు తిరిగితే గొంతు తెరుస్తాది."

"అన్ని దినాలు ఆగేదానికి లేదన్నా."

"ఆగలేకుంటే ఇంగో షెడ్డు చూసుకో."

దయానంద్ తలెత్తి ఎండ వైపు చూశాడు. పొద్దు వాలకముందే ఊరు చేరాలన్నాడు. పెద్దవాడి మాట నమ్మి వెళ్లిపోయాడు.

తగవుకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే నందిని ఫోన్ చేసింది. ఏడుస్తోంది. నిన్న సందె వేళ ఏనుగులు ఇంటిమీదికే వచ్చాయట. ప్రహరీ కూలిందట. తానూ బిడ్డా లోపలింట్లో నక్కి బతికామంది.

"కారాయన పోయినాడు నాయనా."

"ఏ కారాయన?"

"దయానందన్న. ఎప్పుడు గుంపు దిగినా, ఆ పసుపు కారు ఎదురుగా పెట్టి పేల్చేవాడు. దడుసుకొని కొండకు తిరిగిపొయ్యేవి. నిన్న తిరపతిలో యాడో కొత్త పైపు ఏయించుకొచ్చినాడంట. అది మూలిగిందే గానీ పేల్లేదు."

మునస్వామి చూపు మూలనున్న గాజుదూది మీదికి పోయింది.

కారు గట్టు మీద ఇరుక్కుని నిలిచిపోతే దయానంద్ దిగి, కేకలేసుకుంటూ వాటికి ఎదురు పోయాడట. ఇంటి దిక్కు రాకుండా చెరుకు తోటలోకి తన వెంట మళ్లించుకున్నాడట. తెల్లారి ఆ తోటలోనే దొరికాడట.



"మీకూ ఆయప్పకూ ఏం సంబంధం?" అన్నాడు మునస్వామి.

"ఏమీ లేదు నాయనా. పోయినేడు ఆయప్ప పెండ్లాన్ని ఏనుగు తొక్కేసింది, ఇంగ ఏ ఇంట్లోనూ ఆడమనిషి అట్ల పోకూడదని బెంగుళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చి, పొద్దుగూకితే మా గడపలకు కాపలా ఉండేవాడు."